క్రాష్ డంప్ కెర్నెల్‌కు వాడదగిన మెమరీ సమాచారం అందించడం

లినక్స్ నిర్వహణ వ్యవస్థలో ప్రధాన కెర్నెల్ కోలుకోలేని లోపంతో ఆగిపోయినప్పుడు, అప్పటి మెమరీ ప్రతిని భద్రపరచడానికి లేచే రెండవ కెర్నెల్‌ను క్రాష్ డంప్ కెర్నెల్ అంటారు. అది తన పనికి ఏ మెమరీ చిరునామాలను వాడుకోవచ్చో, వేటిని ముట్టకూడదో ముందుగానే తెలియజేయడం ఈ యంత్రాంగానికి మూలాధారం. మామూలుగా లేచే కెర్నెల్ యంత్రంలోని ర్యామ్ మొత్తాన్ని తనదిగా భావించి కేటాయింపులు మొదలుపెడుతుంది. క్రాష్ డంప్ కెర్నెల్ కూడా అలాగే చేస్తే, లోపానికి కారణం చెప్పవలసిన డేటా మీదనే కొత్త డేటా పడి, మార్కాపురం పలక మీది లెక్కను దిద్దకముందే తుడిచేసినట్టవుతుంది. అందువల్ల రెండవ కెర్నెల్‌కు రెండు వేర్వేరు జాబితాలు అందుతాయి: ఒకటి అది వాడుకోదగిన మెమరీ, మరొకటి అది చదివి భద్రపరచవలసిన మెమరీ.

నేపథ్యం

ఫర్మ్‌వేర్‌ను మళ్లీ నడపకుండానే ఒక కెర్నెల్ నుంచి మరో కెర్నెల్‌లోకి నేరుగా దూకే కెఎక్సెక్ సౌకర్యం, దాని ఆధారంగా పనిచేసే కెడంప్ విధానం 2005 ఆగస్టులో విడుదలైన లినక్స్ 2.6.13లో చేరాయి. అదే సంవత్సరం ఒట్టావా లినక్స్ సదస్సులో వివేక్ గోయల్, ఎరిక్ బీడర్‌మన్, హరిప్రసాద్ నెల్లితీర్థ కలిసి కెడంప్ నిర్మాణాన్ని వివరిస్తూ పత్రం సమర్పించారు. పాత పద్ధతులలో చెడిపోయిన కెర్నెలే తన డిస్క్ డ్రైవర్లతో డంపును రాయవలసి వచ్చేది; ఆ డ్రైవర్లే పాడై ఉండే అవకాశం ఉన్నందున ఫలితం నమ్మదగినదిగా ఉండేది కాదు. కెడంప్‌లో ఆ పని చెక్కుచెదరని కొత్త కెర్నెల్‌కు అప్పగించబడింది.

మెమరీని కేటాయించి ఉంచడం

ప్రధాన కెర్నెల్ లేచేటప్పుడే, బూట్ ఆదేశంలోని ‘క్రాష్‌కెర్నెల్’ పరామితిని చదివి, కోరిన పరిమాణంలో ఒక మెమరీ ఖండాన్ని విడిగా ఉంచుతుంది. ఉదాహరణకు 64 గిగాబైట్ల ర్యామ్ ఉన్న సర్వర్‌లో 256 మెగాబైట్లు కేటాయిస్తే, మొత్తంలో 256వ వంతు మాత్రమే పక్కకు పోతుంది. క్రాష్ డంప్ కెర్నెల్, దాని ప్రారంభ ర్యామ్‌డిస్క్, మెమరీని వర్ణించే శీర్షికలు అన్నీ ముందుగానే ఈ ఖండంలోకి చేరతాయి. ప్రధాన కెర్నెల్ ఈ చిరునామాలను ఎన్నడూ పరికరాలకు ఇవ్వదు కాబట్టి, లోపం జరిగాక కూడా ఆగకుండా సాగే నెట్‌వర్క్ కార్డు లేదా డిస్క్ కంట్రోలర్ డేటా బదిలీలు కొత్త కెర్నెల్‌ను పాడుచేయలేవు. లోపం సంభవించిన క్షణంలో ‘పర్గేటరీ’ అనే చిన్న మధ్యంతర ప్రోగ్రామ్, లోడ్ చేసిన భాగాల ఎస్‌హెచ్‌ఏ-256 సంకేతాన్ని సరిచూసి, అవి చెడలేదని తేలితేనే నియంత్రణను ముందుకు పంపుతుంది.

సమాచారం చేరే మార్గాలు

వాడదగిన మెమరీ హద్దులను చెప్పే తీరు ప్రాసెసర్ నిర్మాణాన్ని బట్టి మారుతుంది.

ఎక్స్86 యంత్రాలలో ఫర్మ్‌వేర్ ఇచ్చే మెమరీ పట్టికను ఈ820 అంటారు. తొలినాళ్లలో కెఎక్సెక్ ఉపకరణం, ఆ పట్టికను పక్కన పెట్టమని చెప్పే ‘మెమ్‌మ్యాప్=ఎగ్జాక్ట్‌మ్యాప్’ పరామితిని, దాని వెంట అనుమతించిన ఒక్కొక్క ఖండం పరిమాణాన్ని, మొదలయ్యే చిరునామాను బూట్ ఆదేశ పంక్తిలో చేర్చేది. ఆ పంక్తి పొడవుకు 2048 అక్షరాల పరిమితి ఉండటంతో, ఖండాలు ఎక్కువైన పెద్ద సర్వర్లలో ఇది ఇబ్బందిగా మారి, మార్చిన ఈ820 పట్టికనే బూట్ పరామితుల నిర్మాణంలో పెట్టి అందించే పద్ధతి ప్రధానమైంది. ఎక్స్86 కెర్నెల్ లేవడానికి మెమరీలోని మొదటి 640 కిలోబైట్లు కూడా అవసరమయ్యేవి. అందుకే వాటిలోని పాత డేటాను ముందుగా కేటాయించిన ఖండంలోకి కాపీ చేసి, ఆ తరువాతే వాటిని కొత్త కెర్నెల్‌కు వదిలేవారు. మొదటి 1 మెగాబైటును ప్రధాన కెర్నెల్ తన కేటాయింపులకు వాడకుండా ఉంచే మార్పు వచ్చాక ఈ కాపీ అవసరం తీరింది.

పవర్‌పీసీలో యంత్ర వివరాలను చెట్టు ఆకారంలో అమర్చిన డివైస్ ట్రీ ద్వారా సమాచారం చేరుతుంది. అందులోని ప్రతి మెమరీ శాఖకూ ‘లినక్స్,యూజబుల్-మెమరీ’ అనే గుణాన్ని జోడించి, ఆ శాఖలో ఎంత భాగం వాడుకోవచ్చో తెలుపుతారు. ఆర్మ్ 64-బిట్ నిర్మాణానికి కెడంప్ మద్దతు 2017లో లినక్స్ 4.12తో వచ్చింది. ఈ యంత్రాలలో యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ ఉంటే మెమరీ వివరాలు దాని పట్టిక నుంచే వస్తాయి గనుక, డివైస్ ట్రీలోని మెమరీ శాఖలను దిద్దినా ప్రయోజనం ఉండదు. అందుకే ట్రీలోని ‘చోజెన్’ అనే శాఖలో ‘లినక్స్,యూజబుల్-మెమరీ-రేంజ్’ గుణంగా మొదటి చిరునామాను, పరిమాణాన్ని రాస్తారు; మెమరీ జాబితా ఎక్కడి నుంచి వచ్చినా, కెర్నెల్ దాన్ని ఈ హద్దుకు కుదించుకుంటుంది. కొన్ని పరికరాలు 4 గిగాబైట్లకు లోపలి చిరునామాలనే అందుకోగలవు కాబట్టి, ప్రధాన ఖండం పైన ఉన్నప్పుడు కింద మరో చిన్న ఖండాన్ని కూడా తెలపడానికి వీలుగా ఈ గుణాన్ని తరువాత రెండు ఖండాలకు విస్తరించారు.

భద్రపరచవలసిన మెమరీ జాబితా

పాత కెర్నెల్ మెమరీ ఎక్కడెక్కడ ఉందో ఈఎల్‌ఎఫ్ ఆకృతిలోని శీర్షిక చెబుతుంది. అందులో ప్రతి భౌతిక మెమరీ ఖండానికీ ఒక నమోదు, ప్రతి ప్రాసెసర్ రిజిస్టర్ల స్థితికీ ఒక గమనిక ఉంటాయి. ఈ శీర్షిక ఉన్న చిరునామాను ‘ఎల్ఫ్‌కోర్‌హెచ్‌డిఆర్’ పరామితి ద్వారా గానీ, డివైస్ ట్రీ ద్వారా గానీ అందిస్తారు. దాని ఆధారంగా క్రాష్ డంప్ కెర్నెల్ ‘ప్రాక్’ డైరెక్టరీలో ‘వీఎమ్‌కోర్’ అనే ఫైలును చూపగా, ‘మేక్‌డంప్‌ఫైల్’ అనే ఉపకరణం అనవసరమైన పేజీలను వదిలి, మిగిలినవి కుదించి డిస్కుకు రాస్తుంది.

ఈ రెండు జాబితాలకూ చెందని మెమరీ కూడా కొంత ఉంటుంది. యంత్ర పరికరాలను వర్ణించే ఏసీపీఐ పట్టికలు కేటాయించిన ఖండానికి వెలుపల ఉంటాయి. వాటిని చదవకుండా కొత్త కెర్నెల్ సరిగా లేవలేదు, అలాగని ఆ చోటును సాధారణ కేటాయింపులకు వాడనూ కూడదు. కాబట్టి ఎక్స్86లో వాటిని ఏసీపీఐ డేటాగా విడిగా గుర్తించి పంపుతారు.

మెమరీ మారినప్పుడు

నడుస్తున్న సర్వర్‌కు మెమరీని జోడించినా, తొలగించినా ముందుగా సిద్ధమైన ఈఎల్‌ఎఫ్ శీర్షిక పాతబడుతుంది. చాలాకాలం దీనికి పరిష్కారంగా క్రాష్ డంప్ కెర్నెల్‌ను మళ్లీ మొదటి నుంచి లోడ్ చేసేవారు; ఆ వ్యవధిలో లోపం జరిగితే డంపు దక్కకపోయేది. 2023 అక్టోబరులో విడుదలైన లినక్స్ 6.6లో, శీర్షికను మాత్రమే కెర్నెల్ తనంతట తాను సవరించుకునే ఏర్పాటు ఎక్స్86కు వచ్చింది. కేటాయించిన ఖండం స్థిరంగా ఉంటుంది కనుక ఇటువంటి మార్పులలో వాడదగిన మెమరీ హద్దులను తిరగరాయవలసిన పని పడదు. మారేది భద్రపరచవలసిన జాబితా ఒక్కటే.