కొత్త రూల్‌తో ఎవరికెంత నష్టం? ముందే లెక్క వేస్తున్నారా.. దేశాలకు మార్కులు ఇలా!

కొత్త రూల్‌తో ఎవరికి లాభం, ఎవరికి నష్టం? తెచ్చే ముందే ఈ లెక్క తేల్చడాన్ని నియంత్రణ ప్రభావ మదింపు అంటారు.

సభ్యదేశాల్లో ఈ పని ఎలా సాగుతోందో ఓఈసీడీ సంస్థ 2015 నుంచి మార్కులు వేస్తోంది. మదింపు పద్ధతి, క్రమం తప్పకుండా చేయడం, పారదర్శకత, పర్యవేక్షణ.. ఒక్కోదానికి 1 చొప్పున మొత్తం 4. అయితే ఓ మెలిక ఉంది. ఈ మార్కులు పద్ధతికే. చట్టం మంచిదో కాదో వీటితో తేలదు.

భారత్ ఓఈసీడీ సభ్యదేశం కాదు. కానీ కేంద్రం 2014లో ఓ విధానం తెచ్చింది. చట్టం ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందుంచాలి. జీవనోపాధి, పర్యావరణంపై ప్రభావం ఎంతో చెప్పాలి. ఇది విధానమే, చట్టం కాదు.

మచిలీపట్నం, దివిసీమ తీరంలోని ఉప్పునీటి రొయ్యల చెరువులనే తీసుకోండి. 2005 నాటి కేంద్ర చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేస్తే మూడేళ్ల దాకా జైలు. 2023 సవరణతో జైలు పోయి జరిమానా వచ్చింది. చెరువు రైతుకు ఇది ఊరటే. మరి పక్క వరి చేలోకి, తాగునీటి బావిలోకి ఉప్పు దిగితే? ఆ నష్టం కూడా లెక్కలోకి వస్తేనే అది అసలైన మదింపు.