ఏ.అవుట్ నుంచి బిల్డ్ ఫోల్డర్ దాకా

బిల్డ్ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి, టీమ్‌లో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ నన్ను ఈ మాట అడుగుతాడు: "సార్, సోర్సు ఫోల్డర్‌లోనే కంపైల్ చేసుకుంటే ఏమవుతుంది? మళ్లీ ఇంకో ఫోల్డర్ ఎందుకు?" ఒకటే మెషిన్, ఒకటే కంపైలర్ ఉన్నవాడికి ఏమీ కాదు, నిక్షేపంగా చేసుకోవచ్చు. యూనిక్స్ తొలిరోజుల్లో అందరూ చేసింది అదే. వేరే ఫోల్డర్ అనేది శుభ్రత కోసం పుట్టిందని చాలామంది చెబుతారు. నేను నమ్మను. రెండో రకం మెషిన్ గడప తొక్కాకే దాని అవసరం తెలిసొచ్చింది.

లినక్స్‌లో అవుట్‌పుట్ పేరు చెప్పకుండా సీ ప్రోగ్రాం కంపైల్ చేస్తే ఈనాటికీ ఏ.అవుట్ అనే ఫైలు వచ్చిపడుతుంది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ పీడీపీ-7 మెషిన్ కోసం రాసుకున్న అసెంబ్లర్ నుంచి వచ్చిన పేరది. అప్పటికి లింకర్ లేదు, లైబ్రరీలు లేవు. అసెంబ్లర్ బయటికి తీసిందే నడిచే ప్రోగ్రాం. ఎక్కడ పెట్టాలన్న ఆలోచనే లేదు, మనం ఏ డైరెక్టరీలో ఉంటే అందులోనే.

1976లో బెల్ ల్యాబ్స్‌లోనే స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ అనే బిల్డ్ ప్రోగ్రాం రాశాడు. దాని వెనక కథ మా వృత్తిలో అందరికీ తెలిసిందే. యాక్ అనే టూల్ రాసిన స్టీవ్ జాన్సన్ ఒకరోజు ఆయన గదిలోకి చిరాగ్గా వచ్చాడు. పొద్దుటంతా ఒక తప్పు వెతికాడట. తీరా చూస్తే సోర్సులో దాన్ని ఎప్పుడో దిద్దేశాడు, మళ్లీ కంపైల్ కానిది మాత్రం ఆ ఫైలే. ఆ గోల తీర్చడానికి ఫెల్డ్‌మన్ ఎంచుకున్న ఉపాయం ఫైళ్ల తేదీలు పోల్చడం. సోర్సు కొత్తదై, ఆబ్జెక్టు ఫైలు పాతదైతే కంపైల్ చెయ్యి, లేకపోతే ఊరుకో. ఆ రెండు ఫైళ్లూ పక్కపక్కనే ఉంటాయన్నది మేక్ సొంతంగా పెట్టుకున్న నియమాల్లోనే ఉంది.

పదేళ్లు తిరిగేసరికి ఆ ఉపాయమే మెడకు చుట్టుకుంది. 1984లో సన్ కంపెనీ ఎన్‌ఎఫ్‌ఎస్ తెచ్చింది. సర్వర్‌లో ఉన్న ఒకే సోర్సు చెట్టు ఆఫీసులోని మెషిన్లన్నిటికీ కనబడసాగింది. ఆ మెషిన్లేమో ఒక జాతివి కావు. సన్-3లో మోటరోలా ప్రాసెసర్, 1987లో వచ్చిన సన్-4లో స్పార్క్. సన్-3 మీద ఒకరు మేక్ కొట్టి వెళ్లాక, అదే డైరెక్టరీలో సన్-4 మీద ఇంకొకరు మేక్ కొడితే ఏమవుతుంది? మేక్ తేదీలు చూస్తుంది, అన్నీ తాజాగానే ఉన్నాయంటుంది. అది చూసేది తేదీ ఒక్కటే, ఏ ప్రాసెసర్ సరుకో దానికి పట్టదు. ఇక సన్-4 మనిషి ఒక్క ఫైలు దిద్ది మళ్లీ కట్టబోతే, సగం మోటరోలా సగం స్పార్క్ ముక్కలు చూసి లింకర్ గుడ్లు తేలేస్తుంది.

పండేది పొలంలో అయినా నూర్చేది కళ్లంలోనే కదా. సోర్సు ఒకచోట, బిల్డ్ ఇంకోచోట పెట్టుకోవడానికి మేక్‌లోని వీపాత్ అనే సౌకర్యం పనికొచ్చింది: సోర్సు ఇక్కడ లేకపోతే ఫలానా డైరెక్టరీలో వెతుక్కో అని చెప్పడం. సిస్టమ్ ఫైవ్ అనే యూనిక్స్‌లోని మేక్‌లో ఇది ఉన్నా, మాన్యువల్‌లో దాని ఊసే లేదు. సిస్టమ్ ఫైవ్‌ని అనుకరిస్తున్నామని చెప్పి మరీ దాన్ని మాన్యువల్‌కి ఎక్కించినవాళ్లు 4.3బీఎస్‌డీ యూనిక్స్ వాళ్లు. సొంతదారు మౌనంగా ఉంటే చూసి రాసుకున్నవాడు వివరించాడన్నమాట. మా రంగంలో ఇది మామూలే.

1991 వేసవిలో డేవిడ్ మెకెంజీ గ్నూ పనుల కోసం ఆటోకాన్ఫ్ మొదలుపెట్టాడు. అది కాన్ఫిగర్ అనే స్క్రిప్టు తయారుచేసి ఇస్తుంది. ఖాళీ డైరెక్టరీలోకి వెళ్లి, అక్కణ్నుంచి సోర్సులోని ఆ కాన్ఫిగర్‌ని పిలిస్తే మేక్‌ఫైలు ఆ ఖాళీ డైరెక్టరీలోనే తయారవుతుంది. మెషిన్‌కో డైరెక్టరీ చొప్పున ఎన్నయినా పెట్టుకోవచ్చు. గ్నూ కంపైలర్ జీసీసీ వాళ్ల పట్టుదల ఇప్పటికీ చూడండి: బిల్డ్ డైరెక్టరీ సోర్సు చెట్టుకు బయట ఉండాలంటారు. సోర్సులోనే కడితే పని జరగొచ్చు గానీ పెద్దగా పరీక్షించలేదంటారు. సోర్సు లోపల ఇంకో డైరెక్టరీ చేసి కడితే మాత్రం మాకు సంబంధం లేదంటారు. మనమంతా ఇవాళ చేస్తున్నది సరిగ్గా ఆ మూడోదే.

విండోస్ వాళ్లది వేరే దారి. ప్లాట్‌ఫాం ఒకటే, బిల్డ్‌లు రెండు: డీబగ్, రిలీజ్. విజువల్ సీ++ వాటికి రెండు ఫోల్డర్లు తానే పెట్టేసేది. ఈ రెండు లోకాలనీ ఒక తాటి మీదికి తెచ్చే పని 2000లో కిట్‌వేర్‌లో బిల్ హాఫ్‌మన్ మొదలుపెట్టిన సీమేక్ మీద పడింది. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ డబ్బుతో తయారైన ఐటీకే అనే మెడికల్ ఇమేజింగ్ లైబ్రరీ అన్నిచోట్లా బిల్డ్ కావాలన్నది అసలు అవసరం.

2008లో వచ్చిన సీమేక్ 2.6 అవుట్‌పుట్ ఫోల్డర్లను మూడు చేసింది: రన్‌టైమ్, లైబ్రరీ, ఆర్కైవ్. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. లినక్స్‌లో షేర్డ్ లైబ్రరీ 'లైబ్రరీ' ఫోల్డర్‌కి పోతుంది. అదే లైబ్రరీ విండోస్‌లో డీఎల్ఎల్‌గా 'రన్‌టైమ్' ఫోల్డర్‌కి, దాని ఇంపోర్ట్ లైబ్రరీ 'ఆర్కైవ్' ఫోల్డర్‌కి పోతాయి. చాదస్తం కాదది. విండోస్ డీఎల్ఎల్‌ని ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లో వెతుకుతుంది, అందుకని రెండూ ఒకచోట పడాలి. లినక్స్‌లో లైబ్రరీ దారిని సీమేక్ ప్రోగ్రాం లోపలే రాసేస్తుంది. అందుకే లినక్స్ మీద పనిచేసేవాడు ఫోల్డర్లు సెట్ చేయడం మరిచిపోయినా టెస్టులన్నీ పాసవుతాయి. సాయంత్రం విండోస్ బిల్డ్‌లో డీఎల్ఎల్ కనబడలేదన్న ఎర్రర్ నా టేబుల్ మీదికొస్తుంది. పైగా విజువల్ స్టూడియోకైతే సీమేక్ మనం చెప్పిన ఫోల్డర్ చివర డీబగ్ అనో రిలీజ్ అనో ఇంకో ఫోల్డర్ తగిలిస్తుంది. వద్దంటే జనరేటర్ ఎక్స్‌ప్రెషన్ రాయాలి.

ఇక ఫోల్డర్ పేరు. విండోస్, మ్యాక్ ఫైల్ సిస్టమ్‌లు మామూలుగా పెద్దబడి, చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాలకు తేడా చూడవు. బేజెల్ అనే బిల్డ్ టూల్ వాడే ప్రాజెక్టులో పెద్దక్షరాల 'బిల్డ్' ఫైలు ఉంటే, పక్కనే చిన్నక్షరాల 'బిల్డ్' ఫోల్డర్ పెట్టడం కుదరదు. లినక్స్‌లో మాత్రం రెండూ హాయిగా ఉంటాయి. ఆ ఫైలుకి 'బిల్డ్.బేజెల్' అని పేరు పెట్టుకునే వీలుంది కాబట్టి బతికిపోయాం.

డాట్‌నెట్ వాళ్లు ప్రతి ప్రాజెక్టు పక్కనా బిన్, ఆబ్జ్ ఫోల్డర్లు పెడుతూ వచ్చారు. 2023లో డాట్‌నెట్ 8తో అన్నీ ఒకే 'ఆర్టిఫాక్ట్స్' ఫోల్డర్ కింద చేర్చే వీలు ఇచ్చారు. కావాలన్నవాళ్లు ఒక సెట్టింగ్ రాసుకోవాలి, లేకపోతే పాత పద్ధతే నడుస్తుంది. డిఫాల్ట్ ముట్టుకోకపోవడమే మంచిదైంది. బిన్, డీబగ్ అని దారి రాసేసుకున్న స్క్రిప్టులు ప్రతి కంపెనీలోనూ ఉన్నాయి, వాటిని రాసినవాళ్లు ఎప్పుడో ఉద్యోగాలు మారారు.