పదునారేండ్ల వాయులీనము

1933వ సంవత్సరము మే నెల చివర, డెబ్బదియైదేండ్లు నిండిన ఎడ్వర్డ్ ఎల్గార్ అను ఆంగ్ల స్వరకర్త తన జీవితమున మొదటి పర్యాయము విమానమెక్కి పారిసు నగరమునకు పోయెను. ఆ వయస్సున ఆయనను గగనమార్గము పట్టించినది రాచకార్యము కాదు, చికిత్సయు కాదు. తాను రచించిన వాయులీన కన్సర్టోను యెహూదీ మెనూహిన్ అను పదునేడేండ్ల బాలుడు అచ్చట వాయింపనుండగా వాద్యబృందమును తానే నడపవలెనను కోరిక. 2008 మార్చిలో విమానాశ్రయము తెరచినది మొదలు రేయింబవళ్లు తలమీదుగా సాగు విమానముల ఘోషకు అలవాటుపడిన మా శంషాబాదు వారికి ఇది స్వల్ప ప్రయాణముగా తోచవచ్చును. కాని ఒక పిల్లవాని విద్యయందు ఒక వృద్ధుడు ఉంచిన విశ్వాసమునకు ఇంతకు మించిన నిదర్శనము నాకు కానరాదు.

ఆ విశ్వాసము అంతకు ముందటి యేడు ధ్వనిముద్రణ మందిరమున పుట్టినది. కన్సర్టో యనగా ఒక్క వాద్యము అగ్రమున నిలిచి, పెద్ద వాద్యబృందముతో సంభాషించుచు, ఎదిరించుచు, కలిసిపోవుచు సాగు దీర్ఘరచన. ఎల్గార్ తన కన్సర్టోను ఫ్రిట్జ్ క్రైస్లరునకు అంకితమొనర్పగా, ఆ మహావిద్వాంసుడే 1910 నవంబరున లండనులో దానిని మొదట వినిపించెను. 1916లో మేరీ హాల్ అను విదుషీమణి దానిని రికార్డు చేసినది గాని, నాటికి మైక్రోఫోను లేదు. కొమ్ముబూర ఎదుట నిలిచి వాయింపవలసిన కాలమగుటచే రచనను మిక్కిలి కుదించవలసివచ్చెను. విద్యుత్సాధనములు వచ్చిన పిదప సంపూర్ణ ముద్రణకు క్రైస్లరును ఆశించిరి, అది నెరవేరలేదు. అప్పుడు హిజ్ మాస్టర్స్ వాయిస్ కంపెనీకి చెందిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ దృష్టి మెనూహిన్ మీద పడినది. 1916లో న్యూయార్కున పుట్టి సాన్‌ఫ్రాన్సిస్కోలో పెరిగి, పదునొకండవ యేటనే కార్నెగీ హాలులో బీథోవెన్ కన్సర్టోను వాయించి పెద్దలను నివ్వెరపరచిన బాలుడతడు.

ముద్రణకు ముందు ఆ బాలుడు పియానో సహకారముతో రచనారంభమును వినిపింపగా, ఎల్గార్ కొలది నిమిషములు మాత్రము విని, ఇక చెప్పవలసినదేమియు లేదనియు, ముద్రణ చక్కగా జరుగుననియు పలికి, గుర్రపు పందెములు చూడ వెడలిపోయెనట. దీనిని ఉపేక్షయని భావించువారు పొరబడుదురు. గురువు శిష్యుని దిద్దుట మానుకొను క్షణము విద్యాదానమున కడపటి మెట్టు; ఆ మెట్టునెక్కుటకు ఎల్గారునకు కొన్ని నిమిషములే పట్టినవి.

1932 జూలై నడుమ లండనులోని అబీ రోడ్ మందిరమున ముద్రణ జరిగినది. అంతకు ఎనిమిది మాసముల క్రిందటనే ఎల్గార్ చేతిమీదుగా ప్రారంభమైన మందిరమది. దాదాపు ఏబది నిమిషముల రచనను, నాలుగు నిమిషములకు కొంచెము మించిన కాలమును మాత్రమే పట్టగల రికార్డు ముఖములుగా విభజించి, ఒక్కొక్క ముఖమును మైనపు ఫలకముపై ఏకధాటిగా చెక్కవలెను. నడుమ ఒక్క స్వరము తప్పినను ఆ ముఖమంతయు మరల వాయింపవలసినదే. అట్టి ముక్కలను కూర్చినను వినువారికి అతుకు తెలియకుండుటలో ఆ పదునారేండ్ల వాని ప్రజ్ఞ కలదు. తుది భాగమున ఏకవాద్యము స్వేచ్ఛగా సంచరించు ఘట్టము వచ్చును. ఇతర కన్సర్టోలలో ఇట్టి తావున వాద్యబృందము సాధారణముగా మౌనము వహించును. ఇచ్చటనో తంత్రీవాద్యములు వ్రేళ్లతో మీటబడుచు మెల్లగా మర్మరధ్వని చేయుచుండగా, పూర్వము వినిన స్వరములన్నియు స్మృతులవలె తిరిగివచ్చును. వార్ధక్యమునకు చెందిన ఆ స్మరణను బాలుడట్లు పలికించుట నన్నెప్పుడును ఆశ్చర్యపరచును.

ఈ గైస్‌బర్గే కలకత్తాకు వచ్చి 1902 నవంబరున గౌహర్ జాన్ గానమును ముద్రించి, భారతదేశమున రికార్డుల వ్యాపారమునకు నాంది పలికినవాడు. కనుక ముద్రణయంత్రము మనకు ఆలస్యముగా వచ్చినదనుట సరికాదు. అయితే అది మన బాలుర వాకిటికి రాలేదు. 1893లో బెంగుళూరున పుట్టి, విశాఖపట్టణమున అన్నగారివద్ద ఫిడేలు నేర్చి, చూపు మందమగుటచే చదువు సాగక, నాదమునే ఆశ్రయించిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి బాల్యవాదనము నేడెవ్వరికిని వినబడదు. 1919లో విజయనగర మహారాజావారి సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరవచ్చిన ఆ యువకుని ఆచార్యునిగా నియమించిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా నున్న ఆ విద్యాలయమున, ఇరువదియారేండ్ల వానిపై పెద్దలుంచిన నమ్మకము ఎల్గార్ నమ్మకమునకు ఏమాత్రమును తీసిపోదు. అట్లే ఎనిమిదేండ్ల ప్రాయమున బెజవాడ త్యాగరాజోత్సవమున పాడిన మంగళంపల్లి మురళీకృష్ణకు "బాల" యను పూర్వపదమును పెద్దలు కట్టబెట్టిరి. నాటి కంఠము మాత్రము వినినవారితోనే పోయినది.

మార్గశిర పుష్యములలో మా శంషాబాదు విమానాశ్రయమున, అమెరికా నుండి మద్రాసు కచేరీలకై వచ్చు తెలుగు పిల్లలు కొందరు ఫిడేలు పెట్టెను సామానులలో వేయనీయక చేతబట్టుకొని నడచుట కానవచ్చును. వారి ప్రతి అభ్యాసమును తల్లిదండ్రుల ఫోనులు భద్రపరచుచున్నవి. ఇది మేలే, పోగొట్టుకొన్నదెంతయో తెలిసినవారికి ఇది చిన్న మేలు కాదు.

నాయుడుగారి ప్రౌఢవాదనము రికార్డులకెక్కినది గాని, ముఖమునకు మూడు నాలుగు నిమిషముల కొలతలో రాగాలాపన ఇముడునా? గంటసేపు విస్తరింపదగిన రాగము అందు పరిచయమాత్రమై ముగియును. కన్సర్టోను పలు ముఖములుగా ఖండించి ముద్రింపవచ్చును, ఏలయన అది ముందే వ్రాయబడినది. అప్పటికప్పుడు పుట్టు మనోధర్మమును ముందుగా ఖండించుట యెట్లు? మన సంగీతమునకు ఆ యంత్రము చేసిన అన్యాయము ఇదియే.

1952లో నెహ్రూ ఆహ్వానమున భారతదేశమునకు వచ్చిన మెనూహిన్, మద్రాసున న్యాయమూర్తి పాకాల వెంకట రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాదనము విని మిక్కిలి ప్రశంసించెను. అతనికి ముప్పదియైదేండ్లు, నాయుడుగారికి ఏబదియెనిమిది. ఒకప్పుడు వృద్ధులు చెవియొగ్గి వినిన బాలుడు ఇప్పుడు తానే శ్రోతయై కూర్చుండెను. మూడేండ్ల పిదప అతని ఆహ్వానమున అలీ అక్బర్ ఖాన్ న్యూయార్కునకు పోయి, దీర్ఘకాలము తిరుగు క్రొత్త రికార్డుపై ముఖమునకు ఒక్క రాగము చొప్పున సావకాశముగా సరోదు వాయించెను. ఆ రికార్డున మొదట మాటలాడి రాగమననేమో పాశ్చాత్యులకు వివరించిన కంఠము మెనూహినుదే. అట్టి విశాలమైన తావు 1938లో వేలూరున మొదటి ఏకవాద్య కచేరీ చేసిన నాయుడుగారికి ఆనాడే లభించియుండినచో, విజయనగరపు ఫిడేలు ఒక పూర్ణ రాగముగా మన చెవిని పడియుండెడిది.