ప్రతి మధ్యమం దెయ్యమా?

ఈసారి పోస్టు కాస్త పొడుగు. కాఫీ పెట్టుకుని చదవండి.

పోయిన ఆదివారం కమిటీ మీటింగులో ఉగాది కార్యక్రమాల లిస్టు చూస్తుంటే, మన పిల్లలు నలుగురు తమ బ్యాండుకు 20 నిమిషాలు ఇమ్మని రాసిన కాగితం బయటికొచ్చింది. వాళ్లు వాయించేది ‘స్టోనర్ డూమ్ మెటల్’ అట. ఫోన్లో అర నిమిషం వినిపించారు. ఓ పెద్దాయన "ఇది పాటా, చేతబడా?" అన్నారు. అందరం నవ్వాం. కాగితం పక్కకు వెళ్లిపోయింది. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. అందుకే ఈ వారమంతా ఆ సంగీతం చరిత్ర చదివాను, పాటలూ విన్నాను.

దీని పుట్టిల్లు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. ఇనుము, యంత్రాలు, పొగగొట్టాల ఊరు. ఆ చుట్టుపక్కల ప్రాంతం మనకు మరీ పరాయిదేం కాదు. పక్కనే ఉన్న రెడ్డిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీయే 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఇక్కడ ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టింది. తిరువొత్తియూరు బుల్లెట్ బండికి అమ్మమ్మగారి ఊరు అదే అన్నమాట.

ఆ బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే 17 ఏళ్ల కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గిటారే బతుకుదెరువు చేసుకుందామని ఉద్యోగం మానేశాడు. ఆఖరి రోజు డ్యూటీలో ప్రెస్ మిషన్ కింద పడి కుడిచేతి నడివేలు, ఉంగరం వేలు కొనలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. అంటే తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే. ఇక గిటారు పట్టలేనని కుంగిపోయి ఉంటే, ఫ్యాక్టరీలో అతని పై అధికారి ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్ అనే గిటారిస్టుది. అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా మిగతా వేళ్లతోనే వాయించి లోకాన్ని మెప్పించినవాడు.

అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. వాటికి తోలు అతికించాడు. పల్చటి తీగలు వేశాడు. ఆ తర్వాత తీగల బిగువు తగ్గించి శ్రుతి దించాడు. 1971లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బంలో కొన్ని పాటలకు మూడు మెట్లు కిందికి వెళ్లాడు. మన కచేరీ లెక్కలో చెప్పాలంటే, గిటారు మందర తీగ 3 శ్రుతి నుంచి ఒకటిన్నరకు దిగింది. తీగ వదులైన కొద్దీ వేలికి నొప్పి తక్కువ, నాదానికి బరువు ఎక్కువ. మనం చేతబడి అనుకున్న ఆ బరువు వెనక ఒక కార్మికుడి గాయం ఉంది.

వాళ్ల బ్యాండు పేరు ‘బ్లాక్ సబ్బాత్’. మొదటి ఆల్బం 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం వచ్చింది. ఆ పేరు ఒక భయానక సినిమాది. భయపడడానికి జనం డబ్బిచ్చి మరీ హాలుకు వెళ్తున్నారే, మనం భయపెట్టే పాటలు ఎందుకు చేయకూడదు అనుకున్నారు. మన మద్రాసు స్టూడియోల్లో విఠలాచార్యగారు చేసిందీ అదేగా! ‘జగన్మోహిని’లో దెయ్యాలను చూసి మనం కుర్చీలో ముడుచుకుపోయాం. ఆయన దెయ్యాలను పూజిస్తాడని ఎవరమూ అనలేదు. ఇంకో మాట. ఈ బ్యాండు పేరుపడ్డ పాటల్లో ‘వార్ పిగ్స్’ ఒకటి. అది పేదపిల్లలను యుద్ధానికి తోలే పెద్దమనుషుల మీద కోపం.

ఇక సంగీతం సంగతి. ఆ మొదటి ఆల్బంలో మొదటి పాట, బ్యాండు పేరు మీదే ఉన్న పాట, మూడు స్వరాల మీద నడుస్తుంది: కింది షడ్జం, పై షడ్జం, ఆ తర్వాత ప్రతి మధ్యమం. హార్మోనియం మీద ‘స’ నుంచి ఆరు మెట్లు పైకి లెక్కపెట్టండి, దొరుకుతుంది. యూరప్‌లో ఈ దూరానికి ‘సంగీతంలో దెయ్యం’ అని లాటిన్లో పేరు పెట్టారు. మనకో? 72 మేళకర్తల్లో సరిగ్గా సగం, 36, ప్రతి మధ్యమానివే. కల్యాణి అందులోదే. పేరులోనే శుభం! అక్కడ చుట్టూ ఇతర స్వరాలు, గమకాలు ఉంటాయి. ఇక్కడ ఆ స్వరాన్ని ఒంటరిగా, నెమ్మదిగా, గరగరలాడే గిటారు మీద మోగిస్తారు. అందుకే గుండె జల్లుమంటుంది.

మనకూ ఇలాంటి భయాలు లేకపోలేదు. వరాళిని గురువు శిష్యుడికి నేరుగా నేర్పితే ఇద్దరికీ చెడుతుందని నమ్మకం. అయినా త్యాగరాజస్వామి పంచరత్నాల్లో ఒకటి వరాళిలోనే చేశారు. ఆరాధన రోజున మనమే చేతులు జోడించి వింటాం.

‘స్టోనర్’ అన్న మాట దాచను. అది గంజాయి మత్తు గురించే. ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ మొదలయ్యేదే అయోమీ దగ్గుతో. ఆ ఆల్బం దారిలోనే నడిచిన అమెరికా బ్యాండు ‘స్లీప్’ చేసిన ‘డోప్‌స్మోకర్’ ఒక్కటే పాట, 63 నిమిషాలు. రికార్డు కంపెనీ బయటపెట్టనంది. చివరికి ఆ పేరుతో 2003లో వచ్చింది. మన పక్కనే బెంగళూరులో ‘బెవార్ సీ’ అని ఒక బ్యాండు ఉంది. పేరు రెండుసార్లు గట్టిగా పలికి చూడండి, మన బేవార్సే! 2012లో వాళ్ల ఆల్బం వచ్చింది. మత్తు విషయం పిల్లలతో సూటిగా మాట్లాడాల్సిందే. మన నలుగురితో నేను మాట్లాడాను కూడా. కానీ ఆ నాదం వినడానికి మత్తు అక్కర్లేదు. రాత్రి మేడ మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వట్టి మజ్జిగ తాగి విన్నాను. తంబురాలా ఒకే శ్రుతి మోగుతూ ఉంటే, విలంబ కాలంలో ఏదో కొండ కదులుతున్నట్టుంది. అంతా నచ్చిందని అబద్ధం చెప్పను. అరగంటకు తలనొప్పి వచ్చింది. అయినా నవ్వు మాత్రం రాలేదు.

అయోమీకి ఆ రికార్డు తెచ్చినాయన "ఇక గిటారు వదిలెయ్" అని ఉంటే ఈ కథే లేదు. మన దగ్గర కాగితం పెట్టిన పిల్లలకు వేళ్లన్నీ ఉన్నాయి. అడిగింది 20 నిమిషాలు.

నా ప్రతిపాదన: భోజనాల తర్వాత, చిన్నపిల్లలు వెళ్లాక, సౌండు మన హాలుకు తగ్గట్టు పెట్టి వాళ్లకు స్టేజీ ఇద్దాం. చెవుల్లో పెట్టుకోవడానికి దూది నేను తెస్తాను. వచ్చే ఆదివారం ఈ కాగితాన్ని మళ్లీ టేబుల్ మీద పెడతాను. అప్పటిలోగా ఆ మొదటి పాట ఒక్కసారి పూర్తిగా వినండి. అప్పుడూ వద్దనిపిస్తే వద్దనండి, నేను మారు మాట్లాడను.