చిన్నారుల కాలేయ కణితుల శస్త్రచికిత్సకు త్రిమితీయ చిత్రాల తోడ్పాటు

(నేపథ్య వ్యాసం)

పిల్లల కాలేయంలో పుట్టే క్యాన్సర్లలో ప్రధానమైనది హెపటోబ్లాస్టోమా. ఇది ఎక్కువగా మూడేళ్ల లోపు పిల్లలకు సోకుతుంది. కణితిని పూర్తిగా తొలగించగలగడమే వ్యాధి నయం కావడానికి కీలకం. అది సాధ్యమా కాదా అన్నది కణితి పరిమాణంపైనే గాక, ప్రధాన రక్తనాళాలకు అది ఎంత చేరువలో ఉన్నది, తొలగించిన తర్వాత ఎంత కాలేయం మిగులుతుంది అనే అంశాలపై ఆధారపడి ఉంటుంది.

త్రిమితీయ చిత్రం అంటే

ఫ్రెంచి శాస్త్రవేత్త క్లోడ్ క్వీనో 1957లో రక్తనాళాల అమరికను బట్టి కాలేయాన్ని 8 ఖండాలుగా వర్గీకరించారు. అయితే ఈ అమరిక బిడ్డబిడ్డకూ మారుతుంది. కణితి ఒత్తిడికి నాళాలు పక్కకు జరుగుతాయి. కాంట్రాస్టు మందు ఎక్కించి తీసిన సీటీ లేదా ఎంఆర్‌ఐ స్కాన్‌లోని పలుచని పొరలను కంప్యూటర్ ఒకటిగా కూర్చి, కాలేయం, కణితి, ధమనులు, సిరలను వేర్వేరు రంగుల్లో చూపుతుంది. వైద్యులు ఆ చిత్రంపైనే కోతను ముందుగా పరీక్షించి, మిగిలే కాలేయాన్ని మిల్లీలీటర్లలో లెక్కించవచ్చు.

పది కిలోల బిడ్డ శరీరంలో రక్తం సుమారు 800 మిల్లీలీటర్లు మాత్రమే. అందులో 200 మిల్లీలీటర్లు పోతే నాలుగో వంతు పోయినట్లే. కనుక ఏ నాళాన్ని ఎక్కడ అదుపు చేయాలో ముందే తెలియడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. కణితి పెద్దదైతే సిస్‌ప్లాటిన్ వంటి మందులతో కుదించి, మళ్లీ స్కాన్ తీసి నిర్ణయం తీసుకుంటారు. అప్పటికీ తొలగించే వీలు లేకపోతే కాలేయ మార్పిడిని పరిశీలిస్తారు. త్రిమితీయ చిత్రం ప్రణాళికకు సాధనమే గాని, రక్తపరీక్షలకు, బయాప్సీకి ప్రత్యామ్నాయం కాదు.

గ్రామం నుంచి రాజధాని వరకు

వికారాబాద్ జిల్లా తాండూరు మండలంలోని కరణ్‌కోట వంటి గ్రామాల పిల్లలకు తొలి పరీక్షలు తాండూరులో జరిగినా, ప్రత్యేక చికిత్సకు హైదరాబాదులోని నిలోఫర్, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి సంస్థలకు వెళ్లవలసి ఉంటుంది. ఈ ప్రయాణంలో కింది అంశాలు గమనార్హం:

* కడుపులో గడ్డ తగలడం, పొట్ట ఉబ్బడం, బరువు తగ్గడం కనిపిస్తే జాప్యం లేకుండా వైద్యునికి చూపించాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో జరిగే పరీక్షలు ఇందుకు ఉపకరిస్తాయి.

* స్కాన్ ఫిల్ములతో పాటు పూర్తి డిజిటల్ సమాచారం గల సీడీని తప్పక తీసుకోవాలి. ఫిల్ముల నుంచి త్రిమితీయ చిత్రం తయారు కాదు. సీడీ లేకుంటే మళ్లీ స్కాన్, మళ్లీ మత్తుమందు, సీటీ అయితే మళ్లీ రేడియేషన్ తప్పకపోవచ్చు.

* రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం కింద వైద్య సహాయ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచింది. అర్హత వివరాలను ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర వద్ద తెలుసుకోవచ్చు.

సకాలంలో గుర్తింపు, సక్రమమైన స్కాన్, దాని సమాచారం చేతికి అందడం - ఈ మూడూ సమకూరినప్పుడే ఆధునిక పరిజ్ఞానం గ్రామీణ చిన్నారులకు సంపూర్ణంగా ఉపయోగపడుతుంది.