శారదానికేతన స్థాపకులు ఉన్నవ లక్ష్మీనారాయణ

స్త్రీవిద్య, వితంతు వివాహం ధర్మవిరుద్ధాలనే విశ్వాసం ఒకనాడు పండితలోకంలో బలంగా ఉండేది. వంగదేశంలో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు దానిని శాస్త్రంతోనే ఎదుర్కొన్నారు. పరాశరస్మృతిని ప్రమాణంగా చూపి, 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టానికి మార్గం సుగమం చేశారు. ఆంధ్రదేశంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ పరంపరను గుంటూరు సీమలో కొనసాగించిన ధన్యులు ఉన్నవ లక్ష్మీనారాయణగారు.

1877లో నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో జన్మించిన ఆయన డబ్లిన్‌లో బారిస్టరు విద్య నభ్యసించారు. ధనార్జనకు అనువైన ఆ వృత్తిని దేశసేవకై త్యజించారు. 1921లో పల్నాటి రైతులు పశువుల మేతపై అటవీశాఖ విధించిన పుల్లరిని నిరాకరించినప్పుడు, వారి పక్షాన నిలిచి కారాగారవాసం అనుభవించారు. ఆ చెరలోనే 'మాలపల్లి' నవల రచించారు. అస్పృశ్యతను ప్రశ్నించిన ఆ గ్రంథాన్ని నాటి ప్రభుత్వం నిషేధించింది.

1922లో ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారితో కలిసి గుంటూరులో స్త్రీవిద్యకై శారదానికేతనాన్ని స్థాపించారు. ఆ నామంలోనే ఆయన సమాధానం నిక్షిప్తమై ఉన్నది. విద్యాధిదేవత స్త్రీమూర్తియే కదా! శరన్నవరాత్రులలో మూలానక్షత్రం నాడు సరస్వతిని అర్చించి, ఇంటి ఆడబిడ్డకు అక్షరాన్ని నిరాకరిస్తే ఆ అర్చన సఫలమెట్లు అవుతుంది? అమంగళమని సమాజం దూరముంచిన వితంతువు చేతికి పుస్తకమిచ్చుట సైతం దేవీపూజయే.

1958లో ఆయన పరమపదించారు. శారదోపాసకులకు ఆయన జీవితం నిత్యస్మరణీయం.

స్వస్తి.