కల్లివెల్లి ఎలా అవుతారు?

గల్ఫ్‌లో పట్టుబడ్డ మనవాళ్ల గురించి వార్త వస్తే ‘దొంగతనంగా ఎందుకు పోవాలి?’ అనేస్తాం. నిజానికి వాళ్లలో చాలామంది పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని విమానమెక్కినవాళ్లే. అక్రమం ఆ తర్వాత మొదలవుతుంది. అలా చెల్లే కాగితాలు లేకుండా ఉండిపోయినవాళ్లనే కల్లివెల్లి అంటారు.

హైదరాబాద్‌కూ అరబ్బు దేశాలకూ మధ్య వలస మొదట అటు నుంచి ఇటు సాగింది. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల వారసులు ఇప్పటికీ బార్కస్‌లో ఉన్నారు. 1973లో చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు ఊపందుకున్నాక దారి తిరగబడింది.

కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో బావులు ఎండితే బోర్లు వేశారు. నీళ్లు పడని ప్రతి బోరూ ఒక అప్పు. 1978లో రైతుకూలీ పోరాటాలు సాగిన సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించాక పోలీసుల భయం కూడా తోడైంది. వలసకు దారులు బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి (బొగ్గు గని) అన్న మాట అక్కడ ఊరికే పుట్టలేదు.

ఇలా పోయేవాళ్ల విషయంలో 1983లో మన దేశంలో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. ఇప్పుడున్న పద్ధతిలో పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్‌లాంటి దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే క్లియరెన్స్ తీసుకోవాలి. పది ఎప్పుడో దాటి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే తమ్ముడికి ఆ అవసరం లేదు. అతని ఫీజు కోసం ఎడారికి పోయే అన్నకు ఉంది. విజిట్ వీసాకు మాత్రం ఆ క్లియరెన్స్ అడగరు. ఏజెంట్ చూపించే సందు అదే. చూసి రావడానికని వెళ్లినవాడు గడువు దాటి పనిలో ఉండిపోతే కల్లివెల్లి.

కంపెనీ వీసా మీద పోయినవాడూ కల్లివెల్లి కావచ్చు. అక్కడ చాలాచోట్ల వీసా కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) చేతిలో ఉంటుంది, పాస్‌పోర్టు కూడా చాలాసార్లు అతని దగ్గరే. లక్ష రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవాడికి నెలకు 3,000, ఏడాదికి 36,000 వడ్డీకే పోతాయి. చెప్పిన జీతం ఇవ్వకపోతే ఇంటికి రాలేడు, అప్పులవాళ్లు వాకిట్లో ఉంటారు. వేరేచోట నాలుగు డబ్బులు ఎక్కువ దొరికితే పోతాడు. కఫీల్ ‘పారిపోయాడు’ అని రాయిస్తే అకామా (నివాస అనుమతి) చెల్లకుండా పోతుంది. ఆజాద్ వీసా సంగతీ అంతే: పేరు ఒక కఫీల్‌ది, పని ఇంకొకరి దగ్గర. ఇలా కల్లివెల్లి కావడాన్ని కూలివాడి నేరంగా చూడడం అన్యాయమని నా గట్టి నమ్మకం.

యూఏఈ 2007లో ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ప్రకటిస్తే తెలుగువాళ్లు ఔట్‌పాస్‌ల (ఇంటికి రావడానికి ఇచ్చే తాత్కాలిక కాగితాల) కోసం బారులు తీరారు. 2013లో సౌదీ నితాఖత్ (స్థానికులకు ఉద్యోగాల కోటా) గడువులో లక్ష మందికి పైగా భారతీయులు తిరిగొచ్చారు. 2018లో కువైట్, యూఏఈ మళ్లీ గడువులిచ్చాయి. ఆమ్నెస్టీ జరిమానాను మాఫీ చేసింది కానీ ఊళ్లో బాకీని కాదు. అందుకే తిరిగొచ్చినవాళ్లలో కొందరు మళ్లీ ఏజెంట్ గుమ్మం తొక్కారు.

ఇళ్లలో పనికి పోయే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ల పరిస్థితి మరీ కష్టం. రక్షణ కోసమని క్లియరెన్స్‌కు కనీస వయసు 30 ఏళ్లని మన ప్రభుత్వం పెట్టింది. అంతకు చిన్నవాళ్లకు మిగిలింది మళ్లీ విజిట్ వీసాయే. 2021లో సౌదీ యజమానిని మారే వెసులుబాటు ఇచ్చినప్పుడు ఇంటి పనివాళ్లను అందులో చేర్చలేదు.